సెకండ్ హ్యాండ్ ఫోను కొనేముందు సెన్సార్లను పరీక్షించడం ఎలా

సెకండ్ హ్యాండ్ ఫోను చేతికి రాగానే మనలో చాలామంది ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడిగి, గీతలేమైనా ఉన్నాయేమోనని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి బేరానికి దిగుతారు. ఆ అంకెలన్నీ ఫోను తయారైన నాటివి. ఆ తరువాత అది ఎన్నిసార్లు కిందపడిందో, ఎవరు విప్పి ఏం మార్చారో వాటిలో కనిపించదు. ఆ చరిత్ర బయటపడేది లోపలి సెన్సార్ల దగ్గర. మా పిన్నికి నేను కొనిచ్చిన ఒక ఫోను చూడటానికి కొత్తదానిలాగే ఉండేది. మాట్లాడుతున్నప్పుడల్లా ఆమె చెంప తగిలి కాల్ మ్యూట్‌లోకి వెళ్లిపోతుంటే, అది డిస్‌ప్లే మార్చిన ఫోనని నాకు అప్పటికి గాని తెలియలేదు.

సెన్సార్ల జోలికి వెళ్లేముందు ఫోను దొంగసొత్తు కాదని తేల్చుకోవాలి. *#06# డయల్ చేస్తే ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. దానిని బిల్లుతోను, డబ్బాతోను సరిచూసి, మీ సొంత ఫోను నుంచి కేవైఎం అన్న మూడు అక్షరాలను ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇదే వివరం చూడవచ్చు. నంబరు బ్లాక్‌లిస్టులో ఉందనిగాని, నకిలీదనిగాని జవాబు వస్తే ఇక మిగతా పరీక్షలతో పని లేదు.

తరువాత ఫోను కవరు, వీలైతే టెంపర్డ్ గ్లాసు కూడా తీయించండి. శామ్‌సంగ్ ఫోన్లలో చాలావాటికి *#0*# కొడితే కంపెనీ పరీక్షల మెనూ తెరుచుకుంటుంది. షావోమీ ఫోన్లలో *#*#6484#*#* కొట్టాలి. మిగతా ఫోన్లకు, ఐఫోన్లకు కూడా, జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు విద్యార్థుల భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ సరిపోతుంది. సెన్సార్ ఇచ్చే అంకెలను ఏ అలంకారమూ లేకుండా చూపడం, ఆ ఫోనులో లేని, లేదా యాప్‌కు అందని సెన్సార్‌ను వెలవెలబోయిన అక్షరాలతో వేరుగా చూపడం దాని సుగుణాలు.

మొదట ప్రాక్సిమిటీ సెన్సార్‌ను చూడండి, ఎందుకంటే రిపేరు షాపులలో ‘కాంబో’ అని పిలిచే డిస్‌ప్లే, టచ్ కలిసిన భాగాన్ని మార్చినప్పుడు ముందుగా దెబ్బతినేది ఇదే. చెవి స్పీకరు పక్కన ఉండే ఈ భాగం కంటికి కనబడని పరారుణ కాంతిని పంపి, అది చెంపకు తగిలి వెనక్కి వచ్చిందా లేదా అన్నదానినిబట్టి తెరను ఆర్పుతుంది. ఒక కాల్ చేసి, తెర పైభాగాన్ని అరచేతితో కప్పి, ఆరిందో లేదో, చెయ్యి తీయగానే వెలిగిందో లేదో కనీసం ఐదారుసార్లు చూడండి. ఒకసారి పనిచేసి మరొకసారి చేయకపోతే చవకరకం కాంబో వేశారనో, దాని రిబ్బను తీగ సరిగా అమరలేదనో అనుమానించవచ్చు. కొన్ని కొత్త ఫోన్లలో పరారుణ సెన్సారే ఉండదు; మన చెవికి వినబడని శబ్దతరంగాలతో సాఫ్ట్‌వేరు ఆ పని నడిపిస్తుంది గనుక అవి కొత్తగా ఉన్నప్పుడే కొంత తడబడతాయి. లైట్ సెన్సార్ కూడా సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. గదిలో కొన్ని వందల లక్స్ (వెలుతురు కొలమానం) చూపేది ఎండలోకి తీసుకువెళ్తే పదివేలు దాటాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ వరకు ఉంటుంది.

ఫోను కదలికను, వంపును పసిగట్టే యాక్సెలెరోమీటర్‌కు బల్ల ఒక్కటి చాలు. దీనిలో సిలికాన్‌తో చెక్కిన అతిసూక్ష్మమైన బరువు స్ప్రింగులపై వేలాడుతూ, కదలికకు తగ్గట్టు జరుగుతుంది. ఫోనును వెల్లకిలా పెట్టి ‘గురుత్వంతో కూడిన’ కొలత తెరిస్తే ఒక అక్షం మీద భూమి గురుత్వ త్వరణమైన 9.8కి (మీటర్/సెకన్²) దగ్గరగా, మిగతా రెండింటి మీద సున్నాకు దగ్గరగా రావాలి. బోర్లిస్తే అదే అంకె రుణగుర్తుతో రావాలి. (హైదరాబాద్‌లో అసలు విలువ 9.78, ఆ తేడా పట్టుకునేంత నికార్సయిన సెన్సార్లు ఫోన్లలో ఉండవు.) జైరోస్కోప్ ఫోను ఎంత వేగంగా తిరుగుతున్నదో కొలుస్తుంది గనుక బల్ల మీద సున్నా దగ్గరే నిలిచి, చేతిలో తిప్పగానే ఎగసిపడాలి. ఈ రెండూ చాలావరకు ఒకే చిప్పులో, మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి.

దిక్సూచికి పనికివచ్చే మ్యాగ్నెటోమీటర్ మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రానికి తగ్గట్టు సుమారు 40 మైక్రోటెస్లాలు చూపాలి. వందలలో చూపితే ఫోనును తప్పుపట్టకండి, ముందు పక్కనున్న స్పీకరునూ అయస్కాంతపు కవరునూ దూరంగా జరిపి, ఫోనును గాలిలో 8 అంకెలా నాలుగైదుసార్లు తిప్పి మళ్లీ చూడండి.

గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటర్ ఎక్కువగా ఖరీదైన ఫోన్లలోనే ఉంటుంది, లేకపోవడం లోపం కాదు. ఉంటే మాత్రం దాని పరీక్ష సరదాగా ఉంటుంది: విశాఖపట్నం తీరంలో సుమారు 1010 హెక్టోపాస్కల్స్ చూపే ఫోను, సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 950 ప్రాంతంలో చూపుతుంది, లిఫ్టులో మూడంతస్తులు ఎక్కితే దాదాపు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది.

జీపీఎస్‌ను షాపులో కాక ఆరుబయట పరీక్షించాలి. స్థానం లెక్కించడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి, ఒక్కొక్క ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకొకసారి పంపుతుంది గనుక చాలాకాలం ఆపివుంచిన ఫోనుకు రెండు మూడు నిమిషాలు గడువివ్వడం న్యాయం. మొబైల్ డేటా ఉన్నా, తెరపి ఆకాశం కింద ఐదు నిమిషాలైనా స్థానం దొరకకపోతే యాంటెన్నా కాంటాక్టులు విరిగి ఉండవచ్చు.

ఐఫోన్ల విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే, ఐఫోన్ సాఫ్ట్‌వేరైన ఐఓఎస్ 15.2 మొదలుకొని, మార్చిన బ్యాటరీ, డిస్‌ప్లే, కెమెరా వంటివి అసలువో కావో మోడల్‌ను బట్టి అక్కడ చూపుతుంది. ముఖాన్ని గుర్తుపట్టి ఫోను తెరిచే ఫేస్ ఐడీని మీ ముఖంతో కొత్తగా నమోదు చేసి చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఫేస్ ఐడీ భాగాలు మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటాయి గనుక బయటి భాగం కొని వేసినంత మాత్రాన అది తిరిగి పనిచేయదు.

బేరం ఈ ఫలితాలనుబట్టి సాగాలి. ప్రాక్సిమిటీ, లైట్ సెన్సార్లు మాత్రమే సరిగా లేకపోతే మంచి కాంబో ధర తగ్గించి అడిగి తీసుకోవచ్చు. యాక్సెలెరోమీటర్, జైరోస్కోప్ రెండూ ఒకేసారి మూగబోతే మాత్రం బోర్డులోకి నీరు చేరిందనో గట్టి దెబ్బ తగిలిందనో అనుకోవాలి. సిమ్ ట్రే తీసి లోపలికి టార్చి వేస్తే, తెల్లగా ఉండవలసిన తేమ స్టిక్కరు కొన్ని ఫోన్లలో ఎర్రబారి కనిపిస్తుంది. అటువంటి ఫోను సగం ధరకు ఇస్తామన్నా నేను తీసుకోను.