ఆర్ఎక్స్ 100 ఇంజన్ నీరసపడితే: బాగుచేయించాలా, వేరేది ఎక్కించాలా?

యమహా ఆర్ఎక్స్ 100 లాగట్లేదని హైదరాబాద్‌లో ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా రెండే మాటలు వినిపిస్తాయి. ఒకాయన కిక్ కొట్టి చూసి "బోర్ అయిపోయింది అన్నా, బోరింగ్ చేయిద్దాం" అంటాడు, అంటే అరిగిన సిలిండర్ లోపలి గొట్టాన్ని కాస్త పెద్దగా కోసి కొత్త పిస్టన్ వేయడం. ఇంకొకాయన "సెట్ ఇంజన్ ఉంది, సాయంత్రానికల్లా ఎక్కించేస్తా" అంటాడు, అంటే వేరే బండి నుంచి ఊడదీసిన మొత్తం ఇంజన్. ఇద్దరూ ఇంజన్ విప్పకముందే తేల్చేస్తారు. సిలిండర్ ఎంత అరిగినా బాగవుతుంది. చూడాల్సింది కింద ఉన్న క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు), దాన్ని పట్టి ఉంచే క్రాంక్‌కేసు.

కావలసిన సామాను కొంచెమే. స్పానర్లు, కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది), మ్యాగ్నెట్ (క్రాంకు ఎడమకొసన ఉండే అయస్కాంత చక్రం) ఊడదీసే పుల్లర్ ఉంటే చాలు. పుల్లర్ లేకుండా సుత్తితో మ్యాగ్నెట్ ఊడగొట్టే చోట బండి పెట్టకండి. బోర్ గేజ్, డయల్ గేజ్ మీరు కొననక్కర్లేదు, మంచి లేత్ షాపులో ఉంటాయి.

విప్పకముందు

గేర్ ఆయిల్ చూడండి. పొగ ఎక్కువై, గేర్ ఆయిల్ కూడా తగ్గుతుంటే కుడివైపు క్రాంకు సీల్ (ఆయిల్, గాలి లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయినట్టు, ఆ ఆయిల్నే ఇంజన్ పీల్చి కాలుస్తోంది. బండి ఐడిల్‌లో దానంతటదే రేసవుతుంటే ముందు ఎడమవైపు, మ్యాగ్నెట్ దగ్గరి సీల్‌ను అనుమానించండి. అక్కడ గాలి పీలిస్తే పెట్రోల్-గాలి మిశ్రమం పలచబడి పిస్టన్ సీజ్ అవుతుంది, అంటే వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. సీల్ మార్చకుండా కొత్త పిస్టన్ వేస్తే అది కూడా అలాగే పోతుంది. ఇది టూ-స్ట్రోక్ ఇంజన్, కాబట్టి లోపలికి టూ-స్ట్రోక్ ఆయిల్ పంపే ఆయిల్ పంపు పనిచేస్తోందా, లేక ఎవరో తీసేసి పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోస్తున్నారా అన్నది కూడా తెలుసుకోండి. క్రాంకు బేరింగులకు పోయే నూనె అదొక్కటే.

తర్వాత ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కంప్రెషన్ చూడండి. 100 పీఎస్‌ఐ కన్నా తక్కువ వస్తే విప్పాల్సిందే. బాగానే వచ్చి, సీళ్ల అనుమానం కూడా లేకపోతే విప్పకండి, కార్బొరేటర్, సైలెన్సర్ శుభ్రం చేయించండి.

సిలిండర్

హెడ్, సిలిండర్ తీసి లేత్ షాపుకి పంపండి. పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలిపించండి. అరుగుదల 0.05 మి.మీ. దాటితే బోరింగ్. స్టాండర్డ్ బోరు 50 మి.మీ., ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 నుంచి 1.00 మి.మీ. వరకు నాలుగు మెట్లలో వస్తాయి. నాలుగూ అయిపోతే స్లీవ్ (సిలిండర్ లోపల కొత్త ఇనుప గొట్టం) కొట్టించొచ్చు. అంటే సిలిండర్ అరిగిందని ఇంజన్ మార్చడానికి కారణమే లేదు.

క్రాంకు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సిలిండర్ ఊడదీయగానే మెకానిక్ రాడ్డు (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) పట్టుకుని పక్కలకు ఊపుతాడు. అది కదులుతుంది. "చూశారా సార్, క్రాంకు పోయింది" అంటాడు. కానీ రాడ్డు పక్కలకు కొంచెం కదలాలి, కొత్త క్రాంకులోనూ కదులుతుంది. అసలు ఉండకూడనిది పైకీ కిందికీ కదలిక.

అది చూడటానికి ముందు క్రాంకును ఇంజన్ లోపలే పెట్రోల్‌తో కడిగి, ఆ పెట్రోల్ మొత్తం వంపేయండి. లోపల చిక్కటి ఆయిల్ ఉంటే వదులు తెలియదు. తర్వాత మ్యాగ్నెట్ తిప్పుతూ రాడ్డును సరిగ్గా పైకొసకు తెచ్చి, మ్యాగ్నెట్‌ను ఒకరు కదలకుండా పట్టుకోవాలి. రాడ్డు పైకొసకు కొంచెం ఇటో అటో ఉన్నా లాగినప్పుడు క్రాంకే తిరుగుతుంది, దాన్ని వదులు అనుకుంటారు. ఇప్పుడు రాడ్డును నిటారుగా పైకి లాగి కిందికి నొక్కండి. వేళ్లకు చిన్న 'టక్' తెలిసినా బిగ్ ఎండ్ (రాడ్డు కింది చివర బేరింగ్) పోయినట్టే. "కొంచెమేగా, ఇంకో ఏడాది నడుస్తుంది" అనే మాట వినొద్దు. కొత్త పిస్టన్, కొత్త బోరు మీద ఆ టక్కు రెట్టింపవుతుంది.

పైకీ కిందికీ ఏమీ లేకపోతే క్రాంకును మెల్లగా చేత్తో తిప్పండి. గరగర తగిలితే మెయిన్ బేరింగులు (క్రాంకును రెండువైపులా మోసేవి) పోయాయి. పిస్టన్ సీజ్ అయిన బండైతే ఇంకో జాగ్రత్త: చిట్లిన అల్యూమినియం పొడి నేరుగా బిగ్ ఎండ్‌లోకే దిగుతుంది. అది కడగకుండా పైన కొత్త సామాను బిగించడం డబ్బు మోరీలో పోయడమే. కడిగాక రెండు చెంచాల టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి తిప్పండి, లేకపోతే బేరింగులు తుప్పు పడతాయి.

బిగ్ ఎండ్ పోయినా భయపడకండి. ఇది ప్రెస్‌తో కలిపిన క్రాంకు. పిన్ను, రాడ్డు కిట్ మార్చి, మళ్లీ ప్రెస్ చేసి, డయల్ గేజ్ మీద సరిచేయిస్తే సరిపోతుంది. వంకర 0.03 మి.మీ. లోపు రావాలి. గేజ్ లేకుండా కంటి అంచనాతో సుత్తి దెబ్బలు కొట్టేవాడికి మాత్రం ఇవ్వకండి. అలా చేసిన క్రాంకు వైబ్రేషన్‌కు హ్యాండిల్ బార్ పట్టుకోలేరు, కొత్త సీళ్లు కూడా నిలవవు.

క్రాంక్‌కేసు

ఇక్కడ తప్ప నేను ఇంజన్ మార్చమని చెప్పే చోటు లేదు. బేరింగ్ కూర్చునే గుంటలు వదులైతే, చైన్ తెగి కేసు పగిలితే, మౌంటింగ్ చెవులు విరిగి చాలాచోట్ల వెల్డింగ్ పడితే ఆ కేసు మీద ఖర్చు దండగ. వదులైన గుంటలో పంచ్‌తో గాట్లు పెట్టి బేరింగ్ కూర్చోబెట్టడం మరమ్మతు కాదు. వేరే ఇంజన్ చూసుకోండి.

కేసు బాగుంటే మాత్రం మార్చకండి. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు కొట్టేది కేసు మీదే. ఈ బండి తయారైంది 1985 నుంచి 1996 వరకే, అంటే ప్రతి బండికీ పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఎప్పుడో దాటిపోయింది. అయిదేళ్లకోసారి రెన్యువల్‌కు ఆర్టీఏ ఆఫీసుకు పోవాలి, అక్కడ నంబరు చూస్తారు. నంబరు కలవకపోతే అదో పెద్ద కిరికిరి. ఇంజన్ మార్చక తప్పకపోతే ముందే ఆర్టీఏ అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోండి. ఇంజన్ అమ్మేవాడి దగ్గర బిల్లు, అది ఊడదీసిన బండి ఆర్‌సీ కాపీ అడగండి. జుమ్మేరాత్ బజార్‌లో కాగితాల్లేకుండా చవగ్గా దొరికేది దొంగ బండిది కావచ్చు.

ఆర్ఎక్స్ 135 పైభాగం బిగించమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అది 132 సీసీ, మీ ఆర్‌సీలో 98. అయినా ఆర్ఎక్స్ 100 కావాలని కొని దాన్ని 135 చేసుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

బాగుచేయించేటప్పుడు

పుత్లీబౌలిలోనో రాణీగంజ్‌లోనో పిస్టన్ ముందు కొనండి, ఆ పిస్టన్ చేతికిచ్చాకే బోరింగ్ చేయమనండి. డబ్బా మీద రాసిన సైజు నమ్మి ముందే బోరింగ్ కొట్టేస్తే పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య గ్యాపు సరిపోదు. బోరింగ్ అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని కన్నాల) అంచులు నున్నగా రాపించారో లేదో వేలు పెట్టి చూడండి. పదునుగా వదిలేస్తే రింగు తగులుకుని విరుగుతుంది. సీళ్లు రెండూ, రాడ్డు చిన్నచివర (పిస్టన్ వైపు) బేరింగ్, గ్యాస్కెట్లు కొత్తవే వేయండి.

బిగించాక ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మూసి లోపలికి 6 పీఎస్‌ఐ గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయించండి. ఏ మెకానిక్కూ దీనికి ఇష్టంగా ఒప్పుకోడు, పట్టుబట్టండి. ఎక్కువ గాలి కొడితే సీళ్లే బయటకు తన్నుకొస్తాయి. బుడగ లేకపోతే బండి స్టార్ట్ చేయండి.

మొదటి 500 కి.మీ. సగం యాక్సిలరేటర్ దాటొద్దు, మే నెల ఎండలో ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచొద్దు. డబ్బులిచ్చేముందు పాత పిస్టన్, పాత రాడ్డు, పాత సీళ్లు అడిగి తీసుకోండి. మార్చామని బిల్లులో రాసినవి నిజంగా మార్చారో లేదో తెలిసేది వాటితోనే.