స్టార్టర్ కాలిపోయింది, నిప్పు రాజుకోలేదు: తప్పు ఎక్కడుందో ఇలా చూడండి

"ఆ ఫైర్ స్టార్టర్లు దండగండీ, మూడు పెట్టినా బొగ్గు అంటుకోలేదు" అని, కట్టె, బొగ్గు రాజేయడానికి వాడే ఆ బిళ్ళల గురించి ఫోన్ చేసేవాళ్ళను నేను ముందు అడిగేది ఒకటే. కింద బూడిద తీశారా? చాలాసార్లు అవతలి నుంచి మాట రాదు. తీయలేదన్నమాట.

ఫంక్షన్లకు కట్టెల పొయ్యిల మీద వంటలు చేయించడం, డాబాల మీద పార్టీలకు బొగ్గుల గ్రిల్లులు పెట్టించడం నా పని. పొయ్యి రాజుకోక పెళ్ళివారి ముందు తలవంచుకుని నిలబడ్డ పొద్దులు నాకు గుర్తున్నాయి. అందుకే చెబుతున్నాను, స్టార్టర్ కంపెనీ మార్చే ముందు ఈ వరసలో చూసుకోండి. అగ్గిపుల్ల గీయడం, స్టార్టర్‌ను ఎక్కడ పెట్టాలి లాంటివి మీకు తెలిసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

స్టార్టర్ బాగానే మండింది, కట్టె మాత్రం నల్లబడి ఊరుకుంది

మొదటి అనుమానం బూడిద మీదే పెట్టుకోండి. గ్రిల్‌లో బొగ్గు పోసే ఇనుప జాలీ కింద, కుంపటి అడుగున, స్నానాల నీళ్ళు కాచుకునే రాగి బాయిలర్ కింది అరలో నిన్నటి బూడిద పేరుకుని ఉంటే గాలి పైకి రాదు. నిప్పుకు గాలి కిందనుంచి అందాలి. దారి మూసుకుపోయాక పైనుంచి విసనకర్రతో ఎంత విసిరినా, ఊదుగొట్టంతో ఎంత ఊదినా మీ చెయ్యి నొప్పే, మీ కళ్ళ మంటే. జాలీ కింద ఫోన్ టార్చ్ పెట్టి పైనుంచి చూడండి. ప్రతి సందులోంచీ వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే మిగతా ఏదీ చూడక్కర్లేదు, ముందు బూడిద తీయండి. తీసేది రేకు డబ్బాలోకే, ప్లాస్టిక్ బకెట్‌లోకి వద్దు. నిన్నటి బూడిదలో కూడా నిప్పు బతికే ఉంటుంది.

రెండో అనుమానం చితుకులు. మామూలు స్టార్టర్ బిళ్ళ ఎనిమిది పది నిమిషాలు మండుతుంది. అంతలో మణికట్టు లావు కట్టె అంటుకోదు. పెన్సిల్ లావు పుల్లలు, వాటి మీద బొటనవేలు లావువి, ఆ పైన మణికట్టు లావువి, ఇలా మెట్లు మెట్లుగా పేర్చాలి. తెలంగాణలో కంది కట్టె, పత్తి కట్టె, మొక్కజొన్న బెండ్లు దొరుకుతాయి. కోనసీమలో ఎండిన కొబ్బరి పీచు, చీల్చిన మట్టలు ఉండనే ఉన్నాయి. ఏదైనా సరే, అడ్డదిడ్డంగా పేర్చి సందులు ఉంచండి. కట్ట కట్టినట్టు దగ్గరగా పెడితే మంట దూరదు.

ఈ రెండూ బాగున్నా అంటుకోవడం లేదంటే, నన్ను బాగా దెబ్బతీసిన కారణం దగ్గరికి వచ్చినట్టే.

వానకు తడవలేదు, అయినా తేమ ఉంది

ఒక ఏడాది కార్తీక మాసంలో మామిడి తోటలో వనభోజనాలు. చిలగడదుంపలు, మొక్కజొన్న పొత్తులు, పనీర్ ముక్కలు గ్రిల్ మీద కాల్చి పెట్టాలి. బొగ్గు వేసవిలోనే కొన్నాను, మంచి తుమ్మ బొగ్గు. వానలకు ముందే తెచ్చి మెట్ల కింద గోనె సంచిలో పెట్టాను. వానాకాలం అంతా దాని మీద ఒక్క చుక్క పడలేదు. ఆ నమ్మకంతోనే తోటకు తీసుకెళ్ళాను.

జాలీ శుభ్రంగా ఉంది. రెండు స్టార్టర్లు వెలిగించి పైన బొగ్గు పోశాను. పచ్చటి మంట లేచింది. బొగ్గు అంచుల మీద ఆవగింజంత ఎర్రటి చుక్కలు కనబడ్డాయి, చిటపటమన్నాయి, మళ్ళీ నల్లబడిపోయాయి. స్టార్టర్లు అయిపోయాయి. ఇంకో రెండు పెట్టాను, అదే తంతు. ఆరో స్టార్టర్‌కి గానీ ఒక మూల నిప్పు నిలబడలేదు. అప్పటికి నలభై నిమిషాలు దాటింది, పిల్లలు ఉత్త పులిహోర తిని ఆటలకు వెళ్ళిపోయారు. స్టార్టర్లు నాసిరకం అనుకుని మర్నాడు వాటిని అమ్మిన కొట్టు అబ్బాయిని నాలుగు మాటలు అన్నాను.

తర్వాత ఎందుకో మనసొప్పక మిగిలిన బొగ్గులోంచి సరిగ్గా కిలో తూచి స్టీలు పళ్ళెంలో పరిచి ఎండలో పెట్టాను. రెండు రోజుల తర్వాత తూస్తే 890 గ్రాములు. 110 గ్రాములు నీళ్ళే, ఒక టీ గ్లాసుడు. ముట్టుకుంటే పొడిగా, వేళ్ళకు నల్లగా మసి అంటుకునే బొగ్గులో అంత నీరుంది. అదే గ్రిల్‌లో ఎండిన బొగ్గు పోసి అదే పెట్టెలోని ఒక్క స్టార్టర్ పెడితే మొదటిసారికే రాజుకుంది. ఆ అబ్బాయి దగ్గరకు వెళ్ళి తప్పు నాదే బాబూ అని చెప్పి వచ్చాను.

ఎందుకిలా అవుతుందంటే, బొగ్గు నిండా కంటికి కనబడని రంధ్రాలు. వానాకాలపు గాలిలోని తేమను అది పీల్చుకుంటుంది. దానికి తోడు గోనె సంచి సిమెంటు నేల మీద ఉంటే నేల చెమ్మ సంచిలోకి, సంచిలోంచి బొగ్గులోకి ఎక్కుతుంది. పైకి తడి కనబడదు కాబట్టి ఎవరూ అనుమానించరు.

స్టార్టర్ ఎందుకు ఓడిపోతుందో లెక్క చూడండి. మైనంతో చేసిన 10 గ్రాముల బిళ్ళ మొత్తం కాలితే వచ్చే వేడి సుమారు 400 కిలోజౌళ్ళు. 30 డిగ్రీల దగ్గర ఉన్న 100 గ్రాముల నీళ్ళను మరిగించి ఆవిరి చేయడానికే 250 కిలోజౌళ్ళు పైన కావాలి. స్టార్టర్ వేడిలో ఎక్కువ భాగం ఎలాగూ గాలిలోకే పోతుంది. నీరు ఉన్నంతసేపు అక్కడ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కట్టెలోంచి మండే వాయువులు జోరుగా రావాలంటే 250, 300 డిగ్రీలు దాటాలి. అంటే మీ స్టార్టర్ నిప్పు అంటించడానికి బదులు నీళ్ళు కాస్తూ కూర్చుంటుంది.

కట్టెల విషయంలో ఇదే తప్పు పరదా కింద జరుగుతుంది. వానలు మొదలవగానే కట్టెల మోపు మొత్తాన్ని నేల దాకా టార్పాలిన్‌తో చుట్టి తాడు కట్టేస్తారు. బయటి వాన లోపలికి రాదు, నిజమే. లోపలి తేమ కూడా బయటికి పోదు. పొద్దున్నే ఆ పరదా ఒక మూల ఎత్తి లోపలివైపు చేత్తో తడిమి చూడండి, చెమట పట్టినట్టు నీటి బొట్లు తగులుతాయి. ఆ నీళ్ళు కట్టెల్లోంచి, నేలలోంచి వచ్చినవే. కోస్తాలో దొరికే సరుగుడు దుంగలతో ఇంకో చిక్కు ఉంది. బెరడు తీయకుండా, చీల్చకుండా గుండ్రంగానే అమ్ముతారు. నీరు బెరడులోంచి సులువుగా పోదు, కోసిన రెండు చివరల నుంచే ఎక్కువగా పోతుంది. "ఆరు నెలల కట్టెండీ" అని అడితివాడు అన్నా, అది గుండ్రంగా పడి ఉన్న ఆరు నెలలైతే లోపల ఇంకా పచ్చిగానే ఉండొచ్చు.

పట్టుకోవడం ఎలా? రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టండి. ఎండినవి టంగుమంటాయి, తేమవి దబ్బుమంటాయి. ఇది తొందరలో పనికొచ్చే పరీక్షే గానీ పూర్తిగా నమ్మొద్దు. నమ్మాల్సింది ఇది: ఒక కట్టెను గొడ్డలితో నిలువుగా చీల్చి, అప్పుడే చీలిన లోపలి ముఖాన్ని చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే తేమ ఉన్నట్టే. చేతికంటే చెంపకు బాగా తెలుస్తుంది. ఇక పొయ్యిలో పెట్టాక కట్టె చివర సుయ్యిమంటూ నురుగు కడుతుంటే పరీక్షలే అక్కర్లేదు. తేమ మీటరు ఉన్నవాళ్ళు దాన్ని బెరడు మీదో చివరల మీదో గుచ్చి సంబరపడొద్దు, చీల్చిన ముఖం మీదే గుచ్చాలి. 20 శాతం లోపు ఉంటే మంచి కట్టె. ఇంగ్లండ్‌లోనైతే 2021 మే నుంచి 2 ఘనపు మీటర్ల లోపు మోతాదుల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదని నిబంధనే పెట్టారు, పొగ తగ్గడానికి. మన దగ్గర ఆ పరీక్షేదో మనమే చేసుకోవాలి. బొగ్గుకైతే నేను చేసిన తూకమే పరీక్ష.

సరిచేయడం కష్టం కాదు. బొగ్గును ఒకటి రెండు రోజులు ఎండలో పలుచగా పరిచి, చల్లారాక మూత గట్టిగా పట్టే పెయింట్ బకెట్‌లోనో డ్రమ్ములోనో పోయండి. గోనె సంచి తప్పదంటే కింద ఇటుకలు, చెక్క పెట్టి నేలకు అంటకుండా చూడండి. కట్టెలను చీల్చి, రెండు వరసల ఇటుకల మీద పేర్చి, పైన మాత్రమే పరదా కప్పి పక్కలు వదిలేయండి. గాలి ఆడాలి. పెళ్ళి రేపనగా తేమ బయటపడితే ఎండబెట్టే టైము ఉండదు కదా. అప్పుడు ఆ కట్టెలన్నీ సన్నగా చీల్చి, మొదటి అరగంటకు కొబ్బరి చిప్పలతో మంట నిలబెట్టి, తర్వాత కొంచెం కొంచెంగా వీటిని తోయండి. నేను ఇలా నెట్టుకొచ్చిన పెళ్ళిళ్ళు ఉన్నాయి. పొగ మాత్రం భరించాలి.

స్టార్టరే వెలగడం లేదు

మూత తీసి పెట్టి ఉంటారు. కిరోసిన్ వాసన వచ్చే తెల్ల బిళ్ళలు గాలి తగిలితే అందులోని నూనె ఆవిరైపోయి ఉత్త పిప్పి మిగులుతుంది. కర్పూరం అయితే బిళ్ళే మాయమవుతుంది. మూత గట్టి డబ్బాలో పెట్టండి. కర్పూరం డబ్బాలో మన ఇళ్ళలో నాలుగు మిరియాలు వేస్తారు, కానీ అసలు పని మూతదే. మైనంలో ముంచిన పీచు, చెక్క తురుము స్టార్టర్లకు ఈ బెడద తక్కువ. నా ఓటు వాటికే.

కాల్చిన ముక్కలకు నూనె వాసన

తొందరపడ్డారు. స్టార్టర్ పూర్తిగా కాలిపోయి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా మాంసం గానీ పనీర్ గానీ పెట్టకూడదు. చిమ్నీ స్టార్టర్ అనే ఇనుప గొట్టంలో పోస్తే సుమారు 20 నిమిషాలు, ఉత్తగా కుప్ప పోస్తే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. కొబ్బరి చిప్పల బొగ్గు బిళ్ళలు నిదానంగా అంటుకుంటాయి, వాటికి ఇంకో పది నిమిషాలు ఇవ్వండి.

పొగ పైకి పోకుండా ముఖం మీదికి

బాయిలర్‌కైనా, విదేశాల్లో మనవాళ్ళ ఇళ్ళలో ఉండే ఫైర్‌ప్లేస్‌కైనా ముందు గొట్టంలో అడ్డం పెట్టే రేకు, అదే డ్యాంపర్, తెరిచి ఉందో లేదో చూడండి. తెరిచే ఉంటే గొట్టంలో చల్లగాలి గడ్డకట్టినట్టు కూర్చుని కిందికి దిగుతోందన్నమాట. వార్తాపత్రిక కాగితం ఒకటి చుట్టి వెలిగించి గొట్టం మొదట్లో అర నిమిషం పట్టుకోండి, దారి వెచ్చబడి పొగ లాగుతుంది. నున్నటి రంగుల కాగితం వద్దు. గొట్టంలో పిట్టగూడు, మసి పెచ్చులు ఉండటం కూడా జరుగుతుంది, ఏడాదికోసారి దులిపిస్తే చాలు.

ఎదురు గాలి, పాత అగ్గిపెట్టె, నకిలీ బొగ్గు లాంటివి కూడా కారణాలుగా చెబుతారు. నా అనుభవంలో అవి అరుదు, పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి.

అంటుకోనప్పుడు చేయకూడని పని

ఓపిక పోయి సీసాతో కిరోసిన్, పెట్రోలు, శానిటైజర్ పోయడం. దయచేసి వద్దు. నల్లగా కనబడే బొగ్గు లోపల నిప్పు ఉంటుంది. దాని మీద పోసిన క్షణమే ఆవిరి అంటుకుని మంట ధార వెంట సీసా దాకా, చేతి దాకా వస్తుంది. శానిటైజర్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడను కూడా కనబడదు. నా దగ్గర పనిచేసిన కుర్రాడి మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రాజుకోకపోతే పూర్తిగా చల్లారనిచ్చి, బొగ్గు పక్కకు తీసి, కొత్త స్టార్టర్‌తో మొదటినుంచి మొదలుపెట్టండి.

ఇంకొకటి. అరకు, లంబసింగి లాంటి చోట్ల చలికి రాత్రి క్యాంప్‌ఫైర్ అయ్యాక మిగిలిన బొగ్గును కుంపటితో సహా గదిలోకో టెంట్‌లోకో తెచ్చుకుంటారు. మంట లేదు, పొగ లేదు కదా అనుకుంటారు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అప్పుడే వస్తుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ కొంచెం తెరిచామని ధైర్యపడొద్దు. గ్రిల్‌ను కూడా వానకు తడుస్తుందని రాత్రి లోపలికి లాగకండి. బూడిద కప్పుకున్న బొగ్గు తెల్లారేదాకా లోపల ఎర్రగానే ఉంటుంది.