ప్రేమ నవలను చదివే విధానం – మూడవ పాఠం: పూర్వరాగం

గత పాఠంలో నవల మొదటి అధ్యాయం చదివి, నాయిక తన కోసం తాను ఏమి కోరుకుంటున్నదో ఒక వాక్యంలో రాసుకొమ్మన్నాను. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకోండి. ఈ పాఠం చివర దానితో పని ఉంది.

యువ పాఠకుల కోసం రాసిన ప్రేమ నవల, అందులోనూ మనసుకు ఉత్సాహాన్నిచ్చే రకం, తన ముగింపును దాచుకోదు. అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలో ఉన్నవి రెండే లక్షణాలు: కథకు ప్రేమ కేంద్రంగా ఉండాలి, ముగింపు తృప్తినీ ఆశనూ కలిగించాలి. తిరుపతిలో నా దగ్గరికి ఆదివారాలు వచ్చి చదువుకొనే పిల్లలు, "ఇద్దరూ కలుస్తారని ముందే తెలిసినప్పుడు ఎందుకు చదవాలి సార్?" అని అడుగుతుంటారు. మన ప్రాంతంలో పుట్టినవారికి దీని జవాబు చిన్నప్పటి నుండీ తెలిసినదే. శ్రీనివాసుడికీ పద్మావతికీ కల్యాణం జరుగుతుందని తెలియనివారు ఇక్కడ ఎవరూ ఉండరు. అయినా వేటకు వచ్చిన శ్రీనివాసుడు తోటలో ఆమెను చూసి, కొండకు తిరిగి వచ్చి అన్నం ముట్టక పడుకొనడం, వకుళమాత కారణం అడిగి తెలుసుకొని నారాయణవనానికి బయలుదేరడం, ప్రతిసారీ శ్రద్ధగా వింటాము. మనల్ని కూర్చోబెట్టేది ముగింపు కాదు, అక్కడికి చేరే దారిలోని ఆలస్యం.

ఈ ఆలస్యానికి మన అలంకారికులు పేరు పెట్టారు. 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో విప్రలంభ శృంగారాన్ని, అంటే ప్రేమికులు కలిసి లేని దశలోని శృంగారాన్ని, పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగుగా విభజించాడు. పూర్వరాగమంటే చూడడం వల్లనో వినడం వల్లనో ఇష్టం పుట్టి, కలయిక ఇంకా జరగని దశ. యువతరం ప్రేమ నవలలో ఎక్కువ పుటలు ఈ దశవే కనుక దీనిని చదవడం తెలియకపోతే నవలలో ముఖ్యభాగం చేజారినట్లే. పదహారేళ్ల వయసులో నేను చివరి పుట ముందే చూసుకొని, మధ్యలోని అధ్యాయాలను పరుగున దాటేవాణ్ణి. అలా చదివిన కథలలో ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు.

ఈ పాఠం కోసం నేను రాసిన చిన్న భాగాన్ని మొదట ఒకసారి మామూలుగా, తరువాత నిదానంగా చదవండి.

"పాకాలలో బండి ఆగింది. కిటికీ పక్కనున్న అమ్మాయి పుస్తకం మూసింది గాని, వేలిని పుటల మధ్యనే ఉంచింది. ఎదుట కూర్చున్న అబ్బాయి తన నీళ్ల సీసాను ఆమె వైపు కొంచెం జరిపి, బయటికి చూడసాగాడు. 'చిత్తూరుకు ఇంకా ఎంతసేపు పడుతుంది?' అని ఆమె అడిగింది. ఆ బండిలో ఆమె రెండేళ్లుగా కాలేజీకి వెళ్లివస్తున్నది."

ప్రేమ అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. దారి బాగా తెలిసిన అమ్మాయి దూరం ఎందుకు అడిగిందన్న ప్రశ్న చివరి వాక్యం చదివాక గాని మనకు తోచదు. తోచిన వెంటనే వెనక్కి వెళ్లి, పుటల మధ్య ఉన్న వేలిని మళ్లీ చూస్తాము. చదవడం మానలేదన్న సాకు ఆ వేలు. మాట్లాడాలన్న కోరికను ఆ ప్రశ్న దాచింది. మనసులోని భావాన్ని కప్పిపుచ్చే ఈ స్థితిని నాట్యశాస్త్రకర్త భరతుడు చెప్పిన 33 వ్యభిచారి భావాలలో, అంటే మనసులో వచ్చిపోతుండే భావాలలో, అవహిత్థ అంటారు. చెమట, పులకింత, వణుకు, గొంతు బొంగురుపోవడం వంటి 8 సాత్త్విక భావాలు కూడా శాస్త్రంలో ఉన్నాయి గాని, ప్రతి పుటలోనూ గుండె దడదడలాడే నవల పాఠకుడికి ఊహించే పని మిగల్చదని నా అభిప్రాయం. మంచి రచయిత నీళ్ల సీసాను అంగుళం జరిపించి ఊరుకుంటాడు.

ఈ వారం అభ్యాసానికి మీ నవలలో ఇద్దరూ తమ ఇష్టాన్ని ఇంకా చెప్పుకోని ఒక అధ్యాయాన్ని ఎంచుకోండి. పెన్సిలుతో, గ్రంథాలయం పుస్తకమైతే విడి చీటీ మీద, వారు చెప్పిన మాటకూ చేసిన పనికీ పొంతన లేని చోట్లను గుర్తించండి. ప్రతి చోటా వారు దేనిని దాస్తున్నారో, ఎవరి నుండి దాస్తున్నారో రాయండి. కొన్నిచోట్ల తమ నుండి తామే దాచుకొంటున్నారని తేలుతుంది, అటువంటి చోట కాసేపు ఆగండి.

తరువాత గత పాఠంలో రాసుకొన్న కాగితాన్ని తీయండి. నాయిక కోరిక పరీక్ష కావచ్చు, పాట కావచ్చు, ఇంటి బాధ్యత కావచ్చు. ఈ అధ్యాయంలో అది ఏమైందో చూడండి. ఆ అబ్బాయి పరిచయం వల్ల కోరిక బలపడితే ఆ నవల ఇచ్చే ఉత్సాహం నిజమైనది. కోరిక పూర్తిగా కనుమరుగైతే అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగండి, ఎందుకంటే దక్షత గల రచయిత దానిని అలక వచ్చే అధ్యాయంలో తిరిగి తెస్తాడు. అలకను, అంటే మానాన్ని, నాలుగవ పాఠంలో చదువుదాము. అంతవరకు ఆ అధ్యాయాన్ని తెరవవద్దు.