ఆల్బమ్‌కి అతుక్కుపోయిన పాత ఫోటో చిరగకుండా తీయాలంటే

మా తాతయ్య 1971 యుద్ధంలో పనిచేశారు. సికింద్రాబాద్‌లో యూనిఫాంతో దిగిన ఆయన ఫోటో జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోయింది. గోటితో లాగితే మూల చిరిగింది, అమ్మ చేత తిట్లు కూడా పడ్డాయి.

చివరికి పని చేసింది డెంటల్ ఫ్లాస్, అదే పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం. మైనం పూత లేనిది తీసుకోండి. ముందు ఫోన్‌తో ఆ పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. అడుగున్నర దారం తెంపి, రెండు చివరలూ వేళ్లకు చుట్టి, మూల కిందకి దూర్చి, రంపంతో కోసినట్టు అటూ ఇటూ మెల్లగా లాగాలి. ఐదు నిమిషాల పని. మొండికేస్తే పేజీ వెనక నుంచి హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద కొన్ని సెకన్లు పట్టండి.

వెనక పెన్సిల్ రాత వెలిసిపోయి ఉంటే గది చీకటి చేసి, టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేయండి, నొక్కిన గీతలు తేలతాయి. మాకు '8-72' అని కనిపించింది. యుద్ధం డిసెంబర్ 16న ముగిశాక ఇంటికొచ్చిన మొదటి సెలవట, నాయనమ్మ చెప్పింది.

ఫ్రేమ్ అద్దానికి అంటుకున్న ఫోటోకి మాత్రం ఇది వద్దు, పైపొర ఊడొస్తుంది. దాన్ని అద్దంతో సహా స్కాన్ చేయించండి.