పైన్ బోన్సాయ్ ఎండుతోందా? కత్తెర పక్కన పెట్టి ముందు పుల్ల గుచ్చండి

ముందు మీ దగ్గరున్నది ఏ చెట్టో తేల్చుకోండి. ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు మిద్దెల మీద ‘పైన్ బోన్సాయ్’ పేరుతో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం సరుగుడు చెట్లే. సూదిలా సన్నగా ఉండే ఆకు ఒకటి తుంచి రెండు కొసలూ పట్టుకుని లాగండి. గణుపు దగ్గర ఊడొస్తే అది సరుగుడు. అసలు పైన్ సూదికి గణుపులుండవు. రెండో మూడో ఐదో సూదులు కలిసి అడుగున ఒకే తొడుగులో ఉంటాయి.

ఇందులో చిన్నతనమేమీ లేదు. సముద్రపు ఇసుకలో పెరిగే చెట్టు కాబట్టి మన ఎండకూ ఉప్పుగాలికీ సరుగుడే సరైనది. ఇండోనేషియాలో దీన్ని మంచి బోన్సాయ్ చెట్టుగా పెంచుతారు. చిక్కల్లా సరుగుడు తెచ్చుకుని పైన్ వీడియోలు చూసి పనులు చేయడంతోనే. జపాన్ నల్ల పైన్‌కు వేసవి మొదట్లో కొత్త మొవ్వులు కోస్తారు, చలికాలం ముందు పాత సూదులు పీకుతారు, నీళ్ళు కొంచెం పొదుపుగా పోస్తారు. అదంతా చలికాలం గట్టిగా ఉండే చోట పెరిగే చెట్టు లెక్క. రోహిణి కార్తెలో నెల్లూరు మిద్దె మీద సరుగుడుకు నీళ్ళు పొదుపు చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అసలైన పైన్ చెట్టే తెచ్చుకున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. చలి తగలక అది ఏటికేడు నీరసిస్తుంది. నా దగ్గర రెండు పోయాయి, మూడోది తేలేదు.

రోజూ నీళ్ళు పోస్తున్నా ఎండిపోతోంది

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. మొన్న కందుకూరు నుంచి ఒక తమ్ముడు చేశాడు. “అన్నా, దినామూ రెండుపూట్లా నీళ్ళు పోస్తానే ఉండా, అయినా కొసలు ఎండిపోతా ఉన్నాయి. ఏం మందు కొట్టాల?”

“పుల్ల గుచ్చి చూశావా?”

“పైన తడిగానే ఉంది గదన్నా.”

ఆ ‘పైన తడి’ దగ్గరే అందరూ మోసపోతారు. నేనూ మోసపోయాను. ఎనిమిదేళ్ళు పెంచిన సరుగుడు నాది, మొదలు నా మణికట్టంత లావుండేది. పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోస్తే పది లెక్కపెట్టేలోగా అడుగు బెజ్జాల్లోంచి కారేవి. నీరు నిలవడం లేదు, మట్టి భలే కుదిరిందని మురిసిపోయాను. ఆ మే నెలలో కింది కొమ్మ ఒకటి పోయింది. తెగులేమో అనుకుని మందు కొట్టాను. ఇంకో కొమ్మ పోతే ఎరువు తక్కువైందేమో అనుకుని ఎరువేశాను. ఎండుతున్న చెట్టుకు ఎరువు వేయడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. జూన్‌లో మృగశిర చల్లబడేసరికి చెట్టు మొత్తం పోయింది. తొట్టి బోర్లించి చూస్తే అంచుల్లో మట్టి తడిగా ఉంది. నడిమధ్యలో మాత్రం పిడికిలంత గడ్డ, పగలగొడితే పొడి దుమ్ము లేచింది. ఎనిమిదేళ్ళ కిందట మొక్క కొన్నప్పుడు సంచిలో వచ్చిన మట్టి అది.

జరిగేది ఇది. నర్సరీలో మొక్కను బంకమట్టి సంచిలోనో, కొబ్బరిపొట్టు నింపిన చిన్న గొట్టంలోనో పెంచుతారు. మనం ఆ గడ్డను అలాగే తెచ్చి, చుట్టూ గరుకు ఇసుక, ఇటుకముక్కలు పోసి ట్రేలో పెడతాం. ఒక్కసారి ఆ గడ్డ పూర్తిగా ఎండిందంటే కుదించుకుపోయి నీళ్ళను తనలోకి రానివ్వదు. కొబ్బరిపొట్టయితే మరీ మొండి. పోసిన నీరు తేలికైన దారి చూసుకుని గరుకు మట్టిలోంచి జారిపోతుంది. మొదలుకు దగ్గరగా ఉండే పాత వేర్లన్నీ ఆ ఎండిన గడ్డలోనే ఉంటాయి. పైగా సరుగుడు తన కష్టాన్ని వెంటనే చెప్పదు. కొమ్మ చచ్చాక కూడా కొన్నాళ్ళు పచ్చగానే కనిపిస్తుంది. రంగు మారిందని మీరు గమనించేసరికి అయిపోయి ఉంటుంది. అందుకే కంటిని నమ్మకుండా వేళ్ళతో నిమిరి చూడండి. పచ్చగా ఉన్నా గణుపుల దగ్గర పుటపుటమని రాలుతుంటే లోపల దాహం మొదలైనట్టే.

పరీక్షకు రెండు నిమిషాలు చాలు. నీళ్ళు పోసిన అరగంటకు సన్నటి వెదురు పుల్లను మొదలుకు రెండు వేళ్ళ దూరంలో అడుగు దాకా గుచ్చి, కాసేపుంచి తీయండి. కొస తడిసి మట్టి అంటుకుంటే గొడవ లేదు. పొడిగా వచ్చినా, అసలు దిగకపోయినా జబ్బు దొరికినట్టే. తొట్టిలో చీమలు కాపురం పెట్టాయంటే గడ్డ ఎండిందేమోనని అనుమానించండి, బాగా తడిగా ఉండే గడ్డలో అవి ఇల్లు కట్టడం తక్కువ.

పరిష్కారం మందు కాదు, టబ్బు. తొట్టిని అంచు మునిగేలా నీళ్ళలో పెట్టండి. బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా కదిలించొద్దు, అరగంటైనా గంటైనా సరే. తీశాక మళ్ళీ పుల్ల గుచ్చండి. మొదటిసారికే గడ్డ మొత్తం నానదు, మర్నాడు ఇంకోసారి ముంచాల్సి రావచ్చు. తర్వాత పాత సైకిల్ స్పోక్ తీసుకుని, పెద్ద వేర్లకు తగలకుండా, ఆ గడ్డలోకి రెండంగుళాలకొకటి చొప్పున నిలువు బెజ్జాలు పొడిచి జల్లించిన గరుకు ఇసుకతో నింపండి. వారం పాటు పొద్దుటెండ మాత్రమే తగిలే చోట ఉంచండి. కొత్త కొసలు వచ్చేదాకా కత్తెర, ఎరువు రెండూ ముట్టుకోవద్దు. ఎండినట్టు కనిపించే కొమ్మను కూడా అప్పుడే నరకొద్దు, గోటితో గీరితే పచ్చగా ఉందేమో చూడండి.

అసలు మందు మాత్రం తొట్టి మార్చేటప్పుడే. ఫిబ్రవరిలో గానీ, ఎండ తగ్గిన సెప్టెంబర్‌లో గానీ చేయండి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వద్దు. పాత గడ్డలో మూడో వంతును కేకు ముక్కలా కోసి తీసి, ఆ సందులో కొత్త మట్టి పోయండి. మిగతాది తర్వాతి రెండు సార్లలో తీయొచ్చు. ఒకేసారి వేర్లన్నీ కడిగేస్తే చెట్టు నిలబడటం కష్టం. వేర్ల పక్కన పగడంలా గుత్తులుగా బుడిపెలు కనిపిస్తే కంగారు పడొద్దు. అవి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందించే ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా ఉండే బుడిపెలు. పురుగని చెప్పి వాటన్నిటినీ ఓపిగ్గా కోసి పడేసిన ఆయన ఒకరు నాకు తెలుసు.

మే నెలలో నేను తొట్టిని సిమెంటు మీద పెట్టను. రెండు ఇటుకలు పెట్టి, మధ్యలో నీళ్ళ పళ్ళెం ఉంచుతాను. చీమకుర్తి నల్లరాయి ముక్క మీద పెడితే అందంగానే ఉంటుంది గానీ మధ్యాహ్నం ఆ రాయి మీద దోసె పోసుకోవచ్చు.

కత్తిరించాక కొమ్మ మొత్తం చచ్చిపోయింది

పచ్చదనమంతా తీసేసి ఉంటారు. ముదురు కొమ్మ మీద ఒక్క పచ్చ కొస కూడా మిగల్చకుండా కోస్తే మళ్ళీ చిగుర్చుతుందన్న భరోసా లేదు. పోయిన కొమ్మకు చేసేదేమీ లేదు. తొక్క ఒలిచి ఎండుకొమ్మగానే ఉంచుకోండి, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఈసారి నుంచి ముందు కొసలు గిల్లి, వెనక కొత్త చిగురు వచ్చాకే అక్కడిదాకా కోయండి. పెద్ద కోతలు మృగశిర దాటాక పెట్టుకోండి. కొమ్మ వంచడానికి లోహపు తీగ చుట్టినవాళ్ళు నెలకోసారి చూసుకోవాలి, సరుగుడు కొమ్మ త్వరగా లావెక్కుతుంది, తీగ బెరడులోకి దిగిపోతుంది.

లోపల బోడి, బయట జులపాలు

పై గుబురు నీడకు లోపలి కొమ్మలు చచ్చాయి. గుబురు పలచన చేసి, తొట్టిని వారానికోసారి పావు వంతు తిప్పుతూ ఉండండి. నేల చూపులు చూస్తూ మరీ పొడుగ్గా వేలాడుతుంటే యూరియా ఎక్కువై ఉండొచ్చు, వేస్తుంటే ఆపేయండి. చేతి గోళ్ళతో గిల్లడమే దీనికి మంచి కత్తిరింపు.

మిగతావి

అక్టోబర్, నవంబర్ వానల్లో బెజ్జాలు మూసుకుపోయి నీరు నిలిచిందా? తొట్టిని ఒక పక్కకు వాల్చి పెట్టండి, చాలు. మట్టి మీద తెల్ల పొర బోరు నీళ్ళలోని ఉప్పు, సరుగుడు దాన్ని పట్టించుకోదు. మొదలు మీద చెక్కపొట్టు కలిసిన బూజులాంటి గూడు కనిపిస్తే బెరడు తినే పురుగు. గూడు దులిపి, కింద కనిపించే రంధ్రంలోకి సన్నటి తీగ పోనిచ్చి పొడవండి. ఇన్నేళ్ళలో నా తొట్లలో అది ఒక్కసారే కనిపించింది.