బ్యాక్‌డాష్ ఎందుకు తెగిపోతోందో ఇన్నాళ్లకు తెలిసింది

టెక్కెన్ అనే ఫైటింగ్ వీడియో గేమ్‌లో కొరియన్ బ్యాక్‌డాష్ (వెనక్కి వేసే డాష్‌ని మధ్యలో ఆపి, వెంటనే ఇంకోటి వేస్తూ వేగంగా వెనక్కి జరగడం) నాకు స్క్రీన్‌కి ఎడమవైపు ఉన్నప్పుడు వచ్చేది, కుడివైపుకి మారగానే తెగిపోయేది. రెండు డాష్‌లు పడేవి, మూడోసారి క్యారెక్టర్ కూర్చుండిపోయేది. అంతే, ఎదుటివాడి దెబ్బ తగిలేది. వేలికి వేగం చాలట్లేదనుకుని రోజూ ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా నొక్కాను. బొటనవేలు నొప్పి పుట్టింది తప్ప లాభం లేదు.

చివరికి ప్రాక్టీస్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే (ఏ బటన్లు నొక్కామో స్క్రీన్ మీద చూపించేది) పెట్టి చూశాను. వెనక్కి, వదలడం, మళ్లీ వెనక్కి; ఇక్కడ డాష్ మొదలవుతుంది. కింద-వెనక్కి నొక్కి దాన్ని కావాలనే మధ్యలో ఆపాలి. అక్కడి నుంచి వెనక్కి జారి, వదిలి, మళ్లీ వెనక్కి నొక్కితే తర్వాతి డాష్. నా డిస్‌ప్లేలో ఆ 'వదలడం' అసలు కనిపించలేదు! కుడివైపున వేలు ప్యాడ్ మీద నుంచి లేవడమే లేదు.

ఆట సెకనుకు 60 ఫ్రేములు (చిత్రాలు) నడుస్తుంది కాబట్టి వదలడానికి ఒక్క ఫ్రేము దొరికినా చాలు, కానీ అది ఉండి తీరాలి. పట్టు వదులు చేసి, కావాలనే నెమ్మదిగా, ఒక్కో డాష్‌గా మొదలుపెట్టాను. తప్పు లేకుండా వరుసగా 10 పడితేనే వేగం పెంచాను. రోజుకి 15 నిమిషాలే, అదీ కుడివైపు మాత్రమే.

మూడు వారాలు పట్టింది. తర్వాత డమ్మీకి (ప్రాక్టీస్ మోడ్‌లో ఎదురుగా నిలబడే క్యారెక్టర్‌కి) ముందుకొచ్చి కొట్టే ఒక పొడవాటి కిక్ రికార్డ్ చేసి, దాన్ని తప్పించుకుని తిరిగి కొట్టడం సాధన చేశాను. మ్యాచ్‌లో మొదటిసారి ఎదుటివాడి కిక్ గాల్లో పోయినప్పుడు ఎంత ఆనందమేసిందో చెప్పలేను.