17 ఏళ్ళ తర్వాత వచ్చిన డిస్కో రాణిని ఎలా వినాలి

మా అన్నయ్య కూతురు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పొద్దున్నే ఏరోబిక్స్ క్లాసు నడుపుతుంది. వచ్చేవాళ్ళలో సగంమంది యాభై దాటినవాళ్ళే. "బాబాయ్, కుర్రకారు పాటలు పెడితే వాళ్ళు విసుక్కుంటున్నారు. పాతవి పెడితే నాకే నిద్రొస్తోంది. వయసైన ఆవిడెవరైనా పాడిన స్పీడు పాటలు ఉంటే చెప్పవా?" అని ఫోన్ చేసింది. అమెరికా డిస్కో గాయని డోనా సమ్మర్ 2008లో చేసిన 'క్రేయాన్స్' ఆల్బమ్ విను అన్నాను. మర్నాడే మళ్ళీ ఫోన్. "పాత డోనా సమ్మర్‌లా లేదు బాబాయ్."

"ఏ పాత డోనా సమ్మర్‌లా లేదమ్మా?" అని అడిగాను. దాని దగ్గర జవాబు లేదు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి, ఆ ఆల్బమ్ ఎలా వినాలో ఫోన్లో ఓ గంట చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నా.

చెప్పడానికి నువ్వెవరు అంటారేమో. 1984 నుంచి ఎనిమిదేళ్ళు విజయవాడ బీసెంట్ రోడ్డు దగ్గర ఒక రికార్డింగ్ సెంటర్లో క్యాసెట్లు నింపడమే నా పని. గిరాకీలు చీటీ మీద పాటల పేర్లు రాసిచ్చేవారు, మేం ఎల్పీల నుంచి క్యాసెట్‌లోకి ఎక్కించేవాళ్ళం. 'డిస్కో కలెక్షన్, సి-60' అని చీటీ వస్తే మా ఓనరు నాకే ఇచ్చేవాడు. మొదట్లోనే ఓ దెబ్బ తిన్నాను. డోనా సమ్మర్ 1975 పాట 'లవ్ టు లవ్ యు బేబీ' పొడుగు దాదాపు 17 నిమిషాలు. సి-60లో ఒక్కో వైపు పట్టేది 30 నిమిషాలే. నేను దాన్ని మొదటి వైపు చివర్లో పెట్టాను, పదకొండో నిమిషంలో టేపు అయిపోయింది. ఆ గిరాకీ క్యాసెట్ తెచ్చి కౌంటరు మీద పడేసి, మళ్ళీ ఎక్కించేదాకా కదల్లేదు. పొడుగు పాట ముందు పెట్టాలన్నది ఆ రోజు నేర్చుకున్నదే. కింద అది మళ్ళీ పనికొస్తుంది.

(ఆ పాట నిండా నిట్టూర్పులే. ఫ్యామిలీలు కొట్లోకి వస్తే మా ఓనరు పరిగెత్తుకొచ్చి సౌండు తగ్గించేసేవాడు. రికార్డింగుకు దాంతో నష్టం లేదు, వినేది మీటరు చూసే నేనొక్కణ్ణే.)

ముందు చెవిని సిద్ధం చేసుకోండి

'క్రేయాన్స్' పెట్టే ముందు పాతవి నాలుగంటే నాలుగే పాటలు వినండి. ఇరవై పాటల కలెక్షన్ జోలికి వెళ్ళకండి, చెవి అలిసిపోతుంది.

మొదటిది పైన చెప్పిన 1975 పాట. అంతా అక్కర్లేదు, నాలుగు నిమిషాలు చాలు. గొంతు పాడినట్టుండదు, చెవిలో గుసగుసలాడినట్టుంటుంది. అమ్మాయిది బోస్టన్. చిన్నప్పటినుంచి చర్చిలో గొంతెత్తి పాడిన పిల్ల. నాటకాల్లో వేషం కోసం జర్మనీ వెళ్ళి, మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్, పీట్ బెలొట్ అనే ఇద్దరు పాటల నిర్మాతల దగ్గర ఇలా గుసగుసగా పాడింది.

రెండోది 1977 నాటి 'ఐ ఫీల్ లవ్'. దీనికి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఆ డుగుడుగుడుగు బేస్ ఒక చెవిలో మోగి, వెంట్రుకవాసి ఆలస్యంగా రెండో చెవిలో మోగుతుంది. పాట వణికినట్టు అనిపించేది అందుకే. సంగీతమంతా మూగ్ సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే మిషన్), ఒక్క కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) మాత్రం మనిషి వాయించాడు, ఆ మిషన్లో సరైన దెబ్బ పలకలేదు కాబట్టి. గొంతు ఇక్కడ దూదిలా పైన తేలుతుంటుంది.

మూడోది 1978 నాటి 'లాస్ట్ డాన్స్'. మన సినిమా పాటల్లో సాకీ ఉంటుంది చూడండి, తాళం లేకుండా నెమ్మదిగా సాగదీసి పాడి, తర్వాత అసలు పాట అందుకుంటారు. ఇదీ అంతే. సాకీ అయిపోగానే దరువు పడుతుంది, చర్చి గొంతు బయటికొస్తుంది. ఆ ఏడాది సినిమా పాటకిచ్చే ఆస్కార్ దీనికే వచ్చింది, రాసినవాడు పాల్ జబారా.

నాలుగోది 1989 నాటి 'దిస్ టైమ్ ఐ నో ఇట్స్ ఫర్ రియల్'. డిస్కో పని అయిపోయిందని జనం అనుకున్న పదేళ్ళకి, లండన్‌లో స్టాక్, ఐట్కెన్, వాటర్‌మన్ అనే ముగ్గురు పాటల నిర్మాతల దగ్గర పాడింది. మెరుగుపెట్టిన పాప్ గొంతు.

నాలుగు పాటలు, నాలుగు గొంతులు. 'పాత డోనాలా లేదు' అనే ముందు ఏ డోనా అని అడగమన్నది ఇందుకే.

వినే సామాను

ఫోన్ స్పీకర్లో వినకండి. డాన్స్ పాటకి ప్రాణం కిక్ దెబ్బలో, బేస్‌లో ఉంటుంది, ఫోన్ స్పీకర్ ఆ కింది శబ్దాన్ని మింగేస్తుంది. ఖరీదైన సెట్టు అక్కర్లేదు. చెవిలో గట్టిగా కూర్చునే ఇయర్‌ఫోన్స్ చాలు. ఇంట్లో రెండు స్పీకర్లుంటే మీరూ ఆ రెండూ కలిసి త్రికోణంలా ఉండేట్టు కూర్చోండి.

వాల్యూమ్ విషయం ఒకటి. 2008 రోజుల్లో సీడీలు మొత్తం మీద గట్టిగా మోగేట్టు తయారుచేసేవారు. 1977 పాట వినీ వినగానే 2008 పాట పెడితే అమాంతం మీద పడినట్టుంటుంది, 'అబ్బ, రొద' అనిపిస్తుంది. అది పాట తప్పు కాదు. రెండు గీతలు తగ్గించి వినండి.

కాలితో లెక్క

డిస్కోని కూర్చుని తూకం వేస్తే దొరకదు. కుడికాలు బొటనవేలితో నేల తట్టండి. డుం-త్స్-డుం-త్స్ అని వస్తుంది కదా, డుం కిక్, త్స్ హైహ్యాట్ (డ్రమ్ములతో ఉండే జోడు తాళాలు). పదిహేను సెకన్లలో ఎన్ని డుంలు వచ్చాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. అదే నిమిషానికి బీట్ల లెక్క. 30 వచ్చిందనుకోండి, 120 అన్నమాట. ఏరోబిక్స్ చెప్పేవాళ్ళకి ఈ లెక్క అన్నం పెడుతుంది. డుంలు ఉన్నపాటున ఆగి మళ్ళీ మొదలయ్యే చోట్లు కూడా గుర్తుపెట్టుకోండి. స్టెప్పు మార్చాల్సింది అక్కడే. మా పిల్ల ఇంతకాలం పల్లవి మారినప్పుడు స్టెప్పు మారుస్తోందట, అందుకే ఆంటీలు ఒకరి కాలు ఒకరు తొక్కుతున్నారు.

ఇక 'క్రేయాన్స్'

1991 తర్వాత పూర్తిగా కొత్త పాటలతో ఆవిడ చేసిన స్టూడియో ఆల్బమ్ ఇదే. మధ్యలో 1994లో ఒక క్రిస్మస్ ఆల్బమ్, 1999లో ఒక కచేరీ ఆల్బమ్ వచ్చాయి, వాటి లెక్క వేరు. 'క్రేయాన్స్' 2008 మే 20న, సోనీ బీఎంజీ వాళ్ళ బర్గండీ రికార్డ్స్ మీద వచ్చింది. అప్పటికి ఆవిడకి 59. పన్నెండు పాటలు, అన్నిటి రచనలోనూ ఆవిడ చెయ్యి ఉంది.

మొదటి పాట నుంచి వరసగా వినకండి. ఎనిమిదో పాటతో మొదలుపెట్టండి. 'ఐయామ్ ఎ ఫైర్', ఏడు నిమిషాల పైచిలుకు. ఆల్బమ్ కంటే ముందే క్లబ్బుల్లోకి వదిలింది దీన్నే. అమెరికాలో బిల్‌బోర్డ్ వాళ్ళు డాన్స్ క్లబ్ చార్టని డీజేలు ఏ పాటలు వేస్తున్నారో అడిగి తయారుచేసేవారు. అంటే జనం నిజంగా దేనికి ఆడారన్న లెక్క. అందులో ఇది ఒకటో స్థానానికి వెళ్ళింది. మొదటిసారి గొంతు పట్టించుకోకుండా కాలు మాత్రమే ఆడించండి. రెండోసారి గొంతు మాత్రమే వినండి. పొడుగు మాటల చివర ఊపిరి ఎక్కడ వదులుతోందో చూడండి. కింది స్థాయిలో గొంతు చిక్కబడింది, పాకం ముదిరినట్టు. పైస్థాయికి వెళ్ళినప్పుడు మటుకు 'లాస్ట్ డాన్స్' పిల్లే.

తర్వాత అయిదో పాట 'ఫేమ్ (ద గేమ్)', ఆ తర్వాత మొదటి పాట 'స్టాంప్ యువర్ ఫీట్'. ఈ రెండూ కూడా డాన్స్ చార్టులో ఒకటో స్థానానికి వెళ్ళినవే. 'స్టాంప్ యువర్ ఫీట్'కి పేరే స్టెప్పు, నేలకేసి తొక్కడమే. మేడ మీద ఇల్లయితే కింది వాటావాళ్ళకి ముందే ఓ మాట చెప్పండి.

'ద క్వీన్ ఈజ్ బ్యాక్' మాత్రం మొదట వినొద్దు. తన గురించి తనే 'రాణి మళ్ళీ వచ్చింది' అని పాడుకునే పాట. ముందే వింటే గొప్పలు పోతోంది అనిపిస్తుంది. నా లెక్కలో గొంతు మీద పూత కూడా కాస్త ఎక్కువే. కానీ ఇందులో ఒక ముడి ఉంది. పాట రాసినవాళ్ళలో ఇవాన్ బోగార్ట్ ఒకడు. వాళ్ళ నాన్న నీల్ బోగార్ట్, డోనా పాత రికార్డు కంపెనీ కాసాబ్లాంకా రికార్డ్స్ పెట్టినాయన. 1975లో పాట విని, ఇంత చిన్నదైతే చాలదు, పొడుగు చేసి పంపించండి అని అడిగింది ఆయనే. ఆ 17 నిమిషాలు, నా క్యాసెట్ గొడవ, అన్నిటికీ మూలం ఆయన. 1982లోనే పోయాడు. కొడుకు పెద్దవాడై, నాన్న రాణిని చేసిన మనిషికే 'రాణి మళ్ళీ వచ్చింది' అని పాట రాశాడు. ఇది తెలిసి వింటే పాటలో గొప్పలు వినపడవు, ఇంట్లోవాళ్ళు పిలిచే ముద్దుపేరులా ఉంటుంది.

'మిస్టర్ మ్యూజిక్', 'సైన్స్ ఆఫ్ లవ్' పనిచేసుకుంటూ వినేయొచ్చు. టైటిల్ పాట 'క్రేయాన్స్'లో బాబ్ మార్లే కొడుకు జిగ్గీ మార్లే గొంతు కలిపాడు. దరువు రెగే (మార్లేల జమైకా సంగీతం) వైపు వాలుతుంది, డాన్స్ క్లాసులో వేస్తే ఆంటీలు అయోమయపడతారు. డోనా బొమ్మలు కూడా వేసేది. పేరు రంగుపెన్సిళ్ళది కాబట్టి పాటకో రంగు ఉంటుందనే ముందే అనుకుని వినండి. అన్నీ ఎరుపే కావాలనుకుంటే నిరాశపడతారు.

మిగతావి రాత్రి పాటలు. 'శాండ్ ఆన్ మై ఫీట్', 'డ్రైవిన్ డౌన్ బ్రెజిల్' అన్నం తిన్నాక డాబా మీద వినేవి. 'స్లైడ్ ఓవర్ బ్యాక్‌వర్డ్స్'లో ఆవిడ గొంతు మార్చేసి, బ్లూస్ పాడే గరుకు గొంతు ముసలావిడలా నటిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు వేరే మనిషిని తెచ్చారనుకున్నాను. నాలుగు గొంతులు అన్నాను కదా, ఇది అయిదోది. 'బి మైసెల్ఫ్ ఎగైన్' ఒంటరిగా వినండి, పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడతారు. ఆఖరిది 'బ్రింగ్ డౌన్ ద రెయిన్'. ఇక్కడ రెయిన్ వాన కాదు, ఏలుబడి. స్పెల్లింగ్ చూడకపోతే నాలాగే తప్పు అనుకుంటారు. దీంట్లో చర్చి పిల్ల పూర్తిగా కనబడుతుంది.

అమెరికా ఆల్బమ్ చార్టులో 'క్రేయాన్స్' 17వ స్థానం దాకా వెళ్ళింది. ఇంకో పూర్తి ఆల్బమ్ రాలేదు. 2010లో 'టు పారిస్ విత్ లవ్' అనే ఒక్క పాట వచ్చింది, అదీ డాన్స్ చార్టులో ఒకటో స్థానమే. 2012 మే 17న డోనా ఫ్లోరిడాలో పోయింది.

క్లాసుకి వరస

మా పిల్లకి ఇచ్చిన వరస ఇది. ఒళ్ళు వేడెక్కడానికి 'మిస్టర్ మ్యూజిక్'. తర్వాత 'ఫేమ్', 'స్టాంప్ యువర్ ఫీట్'. అందరికీ చెమట పట్టాక 'ఐయామ్ ఎ ఫైర్' మొత్తం, మధ్యలో కొయ్యకుండా. చల్లారడానికి 'శాండ్ ఆన్ మై ఫీట్'. యాప్‌లో వెతికేటప్పుడు 'ఐయామ్ ఎ ఫైర్'కి బోలెడు రీమిక్స్‌లు కనబడతాయి. పేరు పక్కన రీమిక్స్ అని ఉంటే వదిలెయ్యండి, ఆల్బమ్‌లోదే తీసుకోండి. వినడానికైతే రీమిక్స్‌లూ సరదానే, కానీ క్లాసు మధ్యలో బీటు లెక్క తప్పిందంటే మళ్ళీ కాళ్ళు తొక్కుళ్ళే.

ఫోన్ పెట్టేశాక నాకోసం కూడా ఒక చీటీ రాసుకున్నాను, పాత అలవాటు కొద్దీ. సి-60, ఒకటో వైపు: 'ఐయామ్ ఎ ఫైర్', 'ఫేమ్', 'స్టాంప్ యువర్ ఫీట్', 'మిస్టర్ మ్యూజిక్', 'సైన్స్ ఆఫ్ లవ్', 'ద క్వీన్ ఈజ్ బ్యాక్'. రెండో వైపు: 'క్రేయాన్స్', 'డ్రైవిన్ డౌన్ బ్రెజిల్', 'శాండ్ ఆన్ మై ఫీట్', 'స్లైడ్ ఓవర్ బ్యాక్‌వర్డ్స్', 'బి మైసెల్ఫ్ ఎగైన్', 'బ్రింగ్ డౌన్ ద రెయిన్'. పొడుగు పాట ముందే ఉంది, టేపు ఎక్కడా తెగదు.